బ్యూలా బ్యాండులో తడి మనుషులు

మా పెళ్లిలో నా తెల్ల పట్టుచీర మీద మొట్టమొదట పడింది పువ్వు కాదు, ఉమ్మి.

నందిగామ చర్చి గేటు దగ్గర కారు దిగేసరికి ఎర్రకోట్లు తొడుక్కున్న పద్నాలుగు మంది బ్యాండువాళ్లు రెండు వరుసలుగా నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి నడుస్తున్నాను. ఇంకో పది అడుగులు వేస్తే క్రాంతి. సరిగ్గా అప్పుడే ఎడమ వరుసలో ఉన్న బట్టతల పెద్దాయన క్లారినెట్ నోట్లోంచి తీసి అలవాటుగా కిందికి విదిలించాడు. నా కుచ్చిళ్ల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. మనిషి నోట్లో ఏమేం కాపురం ఉంటాయో పేర్లతో సహా తెలుసు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నాకు ఆ పేర్లే గుర్తొచ్చాయి.

ఫొటోలు తీసేటప్పుడు క్రాంతికి చెప్పుకున్నాను. అతను నవ్వాడు.

"నీ అదృష్టమే. ఇవాళ వరుసలో తడి ఉన్నది దత్తాత్రేయ బాబాయి ఒక్కడికే. నాన్న కోటు తొడగలేదుగా మరి."

"తడి ఏంటి?"

"ఇంటికెళ్లాక నాన్నే చెప్తాడులే. కెమెరా వైపు చూసి నవ్వు."

నవ్వాను. ఆ ఫొటో బాగా వచ్చింది. నా పక్కన మా మావయ్యగారు కృపారావు గారు కొత్త సూటులో, తెల్లగా మెరిసే పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఉన్నారు. కొడుకు పెళ్లి కాబట్టి ఆ ఒక్కరోజూ ఆయన తన బ్యూలా బ్యాండుకి సెలవు పెట్టారు. నలభై ఐదేళ్లుగా ట్రంపెట్ ఊదుతున్న మనిషి.

జగ్గయ్యపేటలో మా అత్తగారింటి ముందు గదిలో, గోడకి బ్యాండు ఫొటోలు ఐదు వరుసగా ఉంటాయి. కొత్త కోడలికి ఇల్లు చూపించడమంటే ఆ ఇంట్లో ముందు అవి చూపించడం. వంటగది తర్వాత. మావయ్యగారు స్టూలెక్కి ఒక్కోటీ దించి, తువ్వాలుతో తుడిచి నా ఒళ్లో పెట్టారు.

మొదటిది 1975 నాటిది. పదకొండు మంది. మిషను వాళ్లు వదిలేసిపోయిన మూడు బూరలతో బ్యాండు పెట్టిన ఫ్రాన్సిస్ మాస్టరు మధ్యలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో యూఫోనియం, వాళ్ల మాటలో పెద్ద బూర. అందరూ పొలం పనులకి పోయేవాళ్లే. మిరపకోతలప్పుడు పెళ్లి పెట్టుకుంటే బ్యాండు దొరికేది కాదట.

"వీళ్లందరికీ తడేనమ్మా," అన్నారు మావయ్యగారు.

అప్పుడు చెప్పారు. బూర ఊదేవాడి ఊపిరి గొట్టంలో నీరు కడుతుంది. గొట్టం వంపులో చిన్న మీట ఉంటుంది. పాటకోసారి అది నొక్కితే నీళ్లు కిందికి కారిపోతాయి. ఊదనివాడి బూర ఎండిపోయి ఉంటుంది. అందుకని నిజంగా ఊదేవాడు తడి మనిషి. వరుస నిండుగా కనబడాలని ఊరికే బూర పట్టుకుని, బుగ్గలు పొంగించి, వేళ్లు ఆడించేవాడు పొడి మనిషి.

"మాస్టారు ప్రాక్టీసులో ఒక్కొక్కడి కాళ్లకాడా పాత పేపరు పరిచేవోడు. గంటయ్యాక పేపరు ఎత్తి చూసేవోడు. తడవలేదా, రేపణ్ణుంచి రావద్దనేవోడు."

"ఛీ! ఆ పేపర్లు ఎవరు తీసేవాళ్లు మావయ్యా?"

"నేనేనమ్మా. అట్టాగే చేరా నేను బ్యాండులో."

రెండో ఫొటో 1990. మొదటి పదకొండు మందిలో ఐదుగురే మిగిలారు. నలుగురు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి పోయారు. షిఫ్టులో ఉన్నవాడు పెళ్లికి రాలేడు. వచ్చినా, ఆ దుమ్ము పీల్చిన ఊపిరి రెండో చరణానికల్లా దగ్గయ్యేదట. వాళ్ల బదులు కంచికచర్ల నుంచి దత్తాత్రేయ బాబాయి, కీసర నుంచి సైడ్ డ్రమ్ము సాంబయ్య వచ్చారు. 2004 ఫొటోలో కీబోర్డు దిగింది. గులాబీ రంగు చొక్కా వేసుకున్న గాయకుడొకడు దిగాడు. పెద్ద బూర కనబడదు. కీబోర్డు మీద ఆ మోత వేలితో నొక్కితే వస్తుంటే మనిషెందుకని మానిపించారట. పెద్దడ్రమ్ము పక్కన ముప్ఫై ఏళ్లు నిలబడి అప్పటికే చెవులు పోగొట్టుకున్న ఫ్రాన్సిస్ మాస్టరు, ఆ బూర చంకన పెట్టుకుని నందిగామలో కూతురింటికి వెళ్లిపోయాడు. ఆ ఫొటోలో తడి ఆరుగురికి.

2015 ఫొటో నాకు అస్సలు నచ్చలేదు. తోపుడుబండి మీద పెట్టెలంత స్పీకర్లు, వాటికి రంగుదీపాలు. మొదటి ఫొటోలో మాస్టరు కూర్చున్న చోట ఆ స్పీకర్ల బండి ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని సాంబయ్య. బండి అతనిదే. దాంతోపాటు బ్యాండు కూడా అతనిదైపోయింది. పాట పెన్ డ్రైవులోంచి వస్తుంది. పొడి మనుషుల బూరల్లో పొరపాటున చప్పుడు రాకుండా గుడ్డ కుక్కుతారు. ఐదోది ఫొటో కాదు, ఫ్లెక్సు ముక్క. పద్నాలుగు మంది ఉన్నారు గానీ, అందులో ఇద్దరికి ఒకే ఒంటి ఫొటో అతికించారు. తలలు మాత్రం వేరు.

"ఇందులో తడి?"

"దత్తు. నేను," అన్నారు మావయ్యగారు, ఆ ముక్క మాత్రం తుడవకుండానే గోడకి తగిలిస్తూ.

నేను ఆ ఇంట్లో చాలా సంతోషంగా ఉన్నాను. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. మా అమ్మావాళ్లు ఇచ్చిన ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడల్లా లోపల దీపం వెలగడం చూసి ఎవరూ లేనప్పుడు రెండుసార్లు తీసేదాన్ని. నీలం మూతల సీసాలు ఆరు నింపి వరుసగా పేర్చేదాన్ని. క్రాంతి ఫ్యాక్టరీ ల్యాబు నుంచి వచ్చి చొక్కా విప్పితే కాలరు మీద సన్నగా సిమెంటు గీత ఉంటుంది. దాన్ని వేలితో తుడిచి అతని ముక్కుకి రాసేదాన్ని. అవన్నీ బాగున్నాయి. బ్యాండే అసహ్యం.

ఎర్రకోట్ల ట్రంకుపెట్టె మా మంచం కిందే ఉండేది. ఉతికితే జరీ నల్లబడుతుందని ఆ కోట్లు ఉతకరు. ఏ రోజు ఎవడొస్తే వాడు తొడుక్కుంటాడు. మొదటి వారం కుతూహలం ఆపుకోలేక పెట్టె తెరిచాను. పదేళ్ల చెమట ఒక్కసారి మొహం మీద కొట్టింది. కాలర్లు అట్టల్లా బిగుసుకుని ఉన్నాయి. ఒక జేబులో సగం కొరికిన లడ్డూ ఉంది. దాని మీద చీమలు ఇల్లు కట్టుకున్నాయి. ఇంకో జేబులో గుట్కా పొట్లం, మూడో జేబులో ఎవరిదో దువ్వెన, దాని పళ్ల మధ్య జుట్టు. పెట్టె మూసి బయటికొచ్చి వేపచెట్టు కింద కాసేపు నిలబడ్డాను.

అదే వారంలో పొద్దున్నే పళ్లు తోముకుందామని బాత్రూము గూట్లో ఉన్న స్టీలు గ్లాసు అందుకున్నాను. పుక్కిలించబోతూ ఎందుకో లోపలికి చూశాను. నాలుగు పైపళ్లు గులాబీ రంగు చిగుళ్లతో సహా నన్ను చూసి నవ్వుతున్నాయి. మావయ్యగారి కట్టుడు పళ్లు. గ్లాసు చేతిలోంచి జారి గచ్చు మీద దొర్లింది. ఆ నీళ్లు నా పాదం మీద పడ్డాయి. పాదాన్ని మూడుసార్లు సబ్బుతో కడిగాను.

వీటన్నిటికంటే నేను భయపడింది బేసినుకి. కార్యక్రమం నుంచి రాగానే మావయ్యగారు ట్రంపెట్ భాగాలు విప్పి బేసినులో వేస్తారు. మా అత్తయ్య ప్రేమకుమారి గారు కాగిన నీళ్లు దాని మీద పోస్తారు. అరగంటయ్యాక బూర తీసుకుని ఆయన లోపలికెళ్తారు. ఆ నీళ్లు పారబోయడం ఇంట్లో ఆడవాళ్ల పని. కొత్తగా నాకొచ్చింది.

"చిన్నప్పుడు చూశా," అని క్రాంతి ముందే బెదిరించాడు. "పచ్చగా ఉంటయ్. అడుగున జిగటగా తీగలు తేల్తా ఉంటయ్. ఒకసారి అందులో నా గోలీ పడింది. వదిలేసుకున్నా."

అందుకని రెండు నెలలు ముక్కు మూసుకుని, కళ్లు మూసుకుని, చెయ్యి చాచి మురిక్కాలవలో పోసేదాన్ని. శ్రావణంలో ఒకరోజు వరసగా మూడు పెళ్లిళ్లు చేసి వచ్చారు మావయ్యగారు. మూడు పెళ్లిళ్ల తడి. ఆ రోజు బేసిను ఎత్తుతుంటే గుమ్మం తగిలి నీళ్లు తొణికి నా చేతుల మీద పడ్డాయి. అరవబోయి కళ్లు తెరిచాను.

నీళ్లు తేటగా ఉన్నాయి. బేసిను అడుగున కంపెనీ వాడి పువ్వు బొమ్మ రేకులతో సహా కనబడుతోంది.

వాసన చూశాను. వేడినీళ్ల వాసన, కొంచెం ఇత్తడి వాసన. అంతే. నేను చదువుకున్నదాన్ని. మూడు పెళ్లిళ్లు ఊదిన బూరలోంచి ఇంత శుభ్రమైన నీళ్లు రావని తెలియడానికి ఎమ్మెస్సీ కూడా అక్కర్లేదు. రెండు నెలలుగా నేను ముక్కు మూసుకుని పారబోసింది మంచినీళ్లు. ఆ పచ్చ జిగట చూసినా అంత అసహ్యం వేసేది కాదేమో. గుడ్డ కుక్కిన బూర పట్టుకుని బుగ్గలు పొంగించి, ఇంటికొచ్చి అలిసిపోయినట్టు నడుం వాల్చి, ఉడుకునీళ్లు పెట్టించుకుని! ఈ మావయ్యగారేనా నాకు తువ్వాలుతో ఫొటోలు తుడిచి చూపించింది!

బేసిను అలాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"అత్తయ్యా, ఒకసారి ఈ నీళ్లు చూడండి."

ఆవిడ చూడలేదు. "తెలుసులే. పారబొయ్."

"తెలుసా?"

"పెళ్లైన కాణ్ణించీ నేనే పారబోసానే ఆ కంపు. నాకు తెలవదా?"

"మరి రోజూ నీళ్లెందుకు కాస్తున్నారండీ?"

"కాయకపోతే నాకు తెలిసిందని ఆయనకి తెలుసుద్ది." ఈనె లాగి పక్కన పెట్టారు. "మీ పెళ్లికి నెల ముందు పైపళ్లు నాలుగు పీకించుకొచ్చాడు. కొంచెం ఊగుతున్నయ్, అంతే. ఇంకో రెండేళ్లు ఊదేవోడు వాటితో. గారపట్టినయ్యి, ఫొటోల్లో బాగోవంట. కోడలు చదువుకున్న పిల్ల, వాళ్ల తరపోళ్లు ఏమనుకుంటారో అని. పీకించి కట్టుడు పళ్లు పెట్టించాడు. పెట్టించుకున్నాక తెలిసింది, ముందు పళ్లు గట్టిగా లేకపోతే ట్రంపెట్ పలకదని. ఊదితే పళ్లు మౌత్‌పీసులోకి వస్తున్నయ్."

నేను అక్కడే పీట మీద కూర్చున్నాను. మా పెళ్లి ఫొటో అప్పటికే పెద్దది చేయించి బ్యాండు ఫొటోల పక్కనే తగిలించాము. తెల్లటి నాలుగు పళ్లూ ముందు గదిలోంచి నవ్వుతూనే ఉన్నాయి.

"మరి మానెయ్యొచ్చుగా అత్తయ్యా, ఈ పొడి వేషం దేనికి?"

"నువ్వే అడుగు," అన్నారావిడ. నేను అడగననీ ఆవిడకి తెలుసు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి నందిగామ నుంచి ఫోను వచ్చింది. ఫ్రాన్సిస్ మాస్టరు కూతురు ఫ్లోరెన్స్ గారు. స్పీకరులో పెట్టారు మావయ్యగారు. వెనక నుంచి చెవిటివాళ్ల గొంతుతో మాస్టరు అరుస్తున్నది మాకూ వినబడింది.

"కృపాగాణ్ణి రమ్మను! దత్తుగాణ్ణి రమ్మను! సాంబగాణ్ణి ఆ పాటల పెట్టె లేకుండా రమ్మను!"

"నాన్నకి ఆయాసం ఎక్కువైందన్నయ్యా," అన్నారు ఫ్లోరెన్స్ గారు. "తన సమాధి కార్యక్రమానికి ఎవరెవరు నిలబడాలో తనే చూసుకుంటానంటున్నాడు. వచ్చే ఆదివారం పేపర్లు పరుస్తాడంట."

బ్యూలా బ్యాండులో ఒక్క ఆచారమే మిగిలింది. బ్యాండు మనిషి పోతే సమాధి దగ్గర స్పీకర్లు పెట్టరు. పొడి మనుషులు నిలబడరు. తడి ఉన్నవాళ్లే వాయించాలి. మొదటి ఫొటోలో మాస్టరు కాక మిగతా పదిమందికీ అలాగే జరిగింది. వాళ్లలో మొదటివాడి సమాధి దగ్గర, మట్టి ఇంకా వేయకముందే, మాస్టరు మావయ్యగారి చెయ్యి పట్టుకుని అడిగాడట, నా శవపెట్టె ముందు నువ్వే ఊదాలిరా కృపా అని. ఊదుతానని మావయ్యగారు మాటిచ్చారు. ఆ కథ ఆయన ఫొటోలు తుడుస్తున్నప్పుడు నాకు రెండుసార్లు చెప్పారు.

ఫోను పెట్టేశాక ఆయన మొహం చూడలేకపోయాను. ఆ వారమంతా ఆయన అన్నం సరిగా తినలేదు. పెరట్లో నిలబడి మౌత్‌పీసు ఒక్కటీ పెదాలకి ఆనించుకుని, మేం చూస్తే జేబులో వేసుకునేవారు. శనివారం సాంబయ్య వచ్చాడు. నోట్లో గుట్కా ఉంది కాబట్టి తల పైకెత్తి, పెదవి గిన్నెలా పెట్టి మాట్లాడుతున్నాడు.

"మాస్టారు ముసలాయనండీ. చెవులా లేవు. చూసేది పేపరేగా. నేనున్నాగా, పేపరు సంగతి నాకొదిలెయ్యండి."

గేటు దాకా వెళ్లి మావయ్యగారి చెవిలో ఏదో చెప్పి, మా మందారం మొదట్లో ఎర్రగా ఉమ్మి వెళ్లాడు. నేను బకెట్టుతో నీళ్లు కొట్టాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనం నందిగామలో మా అమ్మావాళ్లింట్లో. అంతకుముందే మాస్టరు పరీక్ష. మావయ్యగారు సాంబయ్య వ్యానులో ముందు వెళ్తున్నారు. పాపం ఎండన పడి పోతున్నారని ఫ్రిజ్జులోంచి ఒక నీలం మూత సీసా తీసి, తడిగుడ్డ చుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిపని చేసావు తల్లీ," అన్నారు. నాకు ఎంత గర్వం వేసిందో! బైకు మీద హైవే అంతా క్రాంతి వీపుకి గడ్డం ఆనించి పాటలు పాడుకుంటూ వెళ్లాను. దారిలో ఆపి మిరపకాయ బజ్జీలు తిన్నాము. ఒకటి నా జాకెట్టు మీద పడింది. అదీ బాగానే ఉంది.

ఫ్లోరెన్స్ గారింటి వాకిట్లోకి వెళ్లేసరికి మావయ్యగారు పంపు పక్కన, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నారు. దాహం వేసి తాగుతున్నారనుకున్నాను. దగ్గరికెళ్తే తెలిసింది. నా నీలం మూత సీసా వంచి ట్రంపెట్ గొట్టంలోకి ధార పోస్తున్నారు. నన్ను చూశారు. సీసా మూత పెట్టి గోడ మీద పెట్టారు. నా నోట్లో బజ్జీ నూనె చేదుగా తిరిగింది.

మాస్టరు వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఎనభై నాలుగేళ్లు, నోట్లో ఒక్క పన్ను లేదు, కర్ర మీద రెండు చేతులు. ఎదురుగా గచ్చు మీద నాలుగు న్యూస్ పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద దత్తాత్రేయ బాబాయి, మావయ్యగారు, సాంబయ్య తెచ్చిన ఇద్దరు కుర్ర ట్రంపెట్లు. చివర డ్రమ్ముతో సాంబయ్య. డ్రమ్ముకి పేపరు లేదు.

"ఏరా సాంబా, పెట్టె తెచ్చావా?"

"లేదు మాస్టారూ!"

"ఆఁ?"

"లేదండీ!" అని వీధంతా వినబడేలా అరిచాడు సాంబయ్య.

"తేకూడదు. నా పెట్టె ముందర నీ పెట్టె పాడిందో, మూత తోసుకుని లేచొస్తా. కానీండి."

సమాధి పాట మొదలైంది. దత్తాత్రేయ బాబాయి క్లారినెట్ సన్నగా, ఒంటరిగా పలికింది. మిగతా ముగ్గురూ బుగ్గలు పొంగించి, వేళ్లు ఆడించారు. డ్రమ్ము కొట్టుకుంది. వింటున్న మాకందరికీ తెలుసు. వాయిస్తున్న వాళ్లకీ తెలుసు. వినబడని మనిషి ఒక్కడే కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. అంత అసహ్యకరమైన పాట నేను ఎప్పుడూ వినలేదు. క్రాంతి తల దించుకుని తన చెప్పుల వంక చూస్తున్నాడు.

పాట అయింది. మాస్టరు కర్ర పట్టుకుని లేచాడు. ఫ్లోరెన్స్ గారు చెయ్యందించారు. మొదటి కుర్రాడి పేపరు మీద చిక్కగా, నురగగా, ఎర్రగా ఒక ముద్ద. రెండో వాడిదీ అంతే. వాళ్లు పాట మధ్యలో వంగి ఉమ్మడం నేను చూశాను.

"ఇది నోట్లోది. బూరలోది కాదు," అన్నాడు మాస్టరు. "పొండి, నోరు కడుక్కోండి. ఫ్లోరా, ఆ పేపర్లు కాల్చెయ్."

దత్తాత్రేయ బాబాయి క్లారినెట్ విదిలించాడు. మాస్టరు కష్టపడి వంగి, ఆ చుక్కలో వేలు పెట్టాడు. పెట్టి అలాగే కాసేపు ఉంచాడు.

"వెచ్చగుంది. నువ్వు నిలబడు."

ఇప్పుడు మావయ్యగారు. ఆయన మీట నొక్కారు. తడి చుక్కచుక్కగా కారాలి కదా. అది సన్నటి ధార కట్టి పేపరంతా తడిసిపోయేలా పడింది. ఆయన పంపు దగ్గర తొందరలో ఎక్కువ పోశారేమో. మాస్టరు వేలు పెట్టాడు. వెంటనే తీశాడు. మళ్లీ పెట్టాడు.

"చల్లగుందేంట్రా కృపా?"

మాస్టరు ఆ వేలు తన బుగ్గకి ఆనించి చూసుకున్నాడు.

"ఊపిరి ఇంత చల్లగా ఉంటదా? ఫ్రిజ్జులో నీళ్లల్లే ఉందేంటి?"

అందరం ఒకేసారి గోడ వైపు చూశాము. నా నీలం మూత సీసా ఎండలో మెరుస్తోంది. దాని ఒంటి నిండా చెమట. కుర్ర ట్రంపెట్లిద్దరూ పంపు దగ్గర నుంచి కిసుక్కున నవ్వారు. నేను ఫ్రిజ్జులో పెట్టకుండా కుండలో నీళ్లు పోసిచ్చి ఉంటే ఆ వేలికి అంత తేలిగ్గా తెలిసేది కాదు. ఆ సీసా మీద నాకున్న ముచ్చటంతా ఆ క్షణంలో అసహ్యమైపోయింది.

మావయ్యగారు ట్రంపెట్ కింద పెట్టారు. నోట్లో వేళ్లు పెట్టి పళ్లు ఊడదీశారు. దగ్గరలో ఉన్నది నేనే.

"పట్టుకో తల్లీ," అన్నారు.

పట్టుకున్నాను. అరచేతిలో వెచ్చగా, జిగటగా నాలుగు పళ్లు. ఒక సన్నటి తీగ నా వేలి నుంచి వేలాడి తెగింది. పేర్లన్నీ గుర్తొచ్చాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"పళ్లు పీకించుకున్నా మాస్టారూ!" పళ్లు లేక ఆ మాట గాలిగా వచ్చింది. ఆయన మళ్లీ అరిచారు. "మూడు నెల్లయింది! పొడిగా నిలబడతన్నా!"

"ఎందుకు పీకించావురా?"

మావయ్యగారు నా వైపు చూశారు. క్రాంతి ముందుకొచ్చి మాస్టరు చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "మా పెళ్లి ఫొటోలకి తాతా!"

"ఫొటోలకా!" మాస్టరు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "నువ్వా కోడలివి? నీకు ఈడి నవ్వు కావాల్సొచ్చిందా?"

"నాకేం తెలుసు తాతగారూ! అడిగి ఉంటే వద్దనేదాన్ని!" అన్నాను. ఏడుపొచ్చింది. పళ్లు పట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకోబోయి ఆగాను.

మావయ్యగారు ట్రంపెట్ మళ్లీ ఎత్తి, లేని పళ్ల మీద ఆనించి ఊదారు. ఫుస్సుమని గాలి వచ్చింది, అంతే. సాంబయ్య డ్రమ్ము పక్కన పెట్టి, "ఇంక వదిలెయ్యండి మాస్టారూ, ఆరోజుకి నేను ఎవర్నో ఒకర్ని చూస్తాలే," అన్నాడు. మాస్టరుకి వినబడలేదో, వినదలుచుకోలేదో. కర్రతో వసారాలోని మంచం కింద పొడిచి చూపించాడు.

"ఫ్లోరా. బూర తియ్."

ఫ్లోరెన్స్ గారు గోనెసంచీ లాగారు. దుమ్ము లేచింది. సంచీ విప్పి యూఫోనియం నిలబెట్టగానే దాని నోట్లోంచి రెండు బొద్దింకలు బయటికొచ్చి చెరో వైపు పరిగెత్తాయి. నేను కుర్చీ ఎక్కాను. లోపల ఇంకా ఏవో గీరుకుంటున్న చప్పుడు.

"దీని నోరు పెద్దది. దీనికి పెదాలు చాలు, పళ్లెందుకు?" అన్నాడు మాస్టరు. "నాకు పళ్లూడాక పదేళ్లు ఊదా. పట్టుకో."

మావయ్యగారు తువ్వాలుతో మౌత్‌పీసు తుడిచి, నోటికి పెట్టుకున్నారు. మొదట ఏమీ రాలేదు. తర్వాత ఈనబోయే గేదె మూలిగినట్టు ఒక రొద వచ్చింది. ఎదురింటి వాళ్లు బయటికొచ్చి చూశారు. మూడోసారికి గొంతు పట్టుకుంది. సమాధి పాట మొదటి చరణం, స్వరాలు తప్పుతూ, కిందా మీదా పడుతూ, మధ్యలో ఊపిరి అందక ఆగిపోతూ. దత్తాత్రేయ బాబాయి ఆయన కోసం ఆగి, మళ్లీ కలుపుకుని నడిచాడు. క్రాంతి ఈసారి చెప్పుల వంక చూడలేదు.

చరణం అయ్యాక మావయ్యగారు మీట నొక్కారు. కొత్త పేపరు మీద మట్టిరంగు చుక్కలు మూడు పడ్డాయి. ఒక దాంట్లో బొద్దింక కాలు ఉంది. మాస్టరు వంగి, ఆ కాలు పక్కకి నెట్టి, చుక్కలో వేలు పెట్టాడు.

చాలాసేపు తియ్యలేదు.

"వెచ్చగుంది," అన్నాడు.

మావయ్యగారు గచ్చు మీద చతికిలబడ్డారు.

"పాట మటుకు దరిద్రంగా ఉంది," అన్నాడు మాస్టరు, కుర్చీలో కూర్చుంటూ. "నేను ఆర్నెల్లదాకా చావను. ఈలోపు నేర్చుకునిరా. బూర నువ్వే తీసుకెళ్లు. ఏయ్ కోడలా, ఆ పళ్లు ఆడికిచ్చి నువ్వు చెయ్యి కడుక్కో, పాపం మొహం అట్టా పెట్టావేంటి."

సాయంత్రం ఇంటికొచ్చాక అత్తయ్య ఎదురొచ్చారు. పెద్ద బూర చూశారు, ఆయన నోటి వంక చూశారు, పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టారు. బూర బేసినులో పట్టక బట్టలు నానేసే టబ్బు తెచ్చాము. అరగంటయ్యాక మావయ్యగారు దాన్ని ఎత్తుకుని లోపలికెళ్లారు. ఫొటోల కింద స్టూలు మీద కూర్చుని మళ్లీ ఆ గేదె రొద మొదలుపెట్టారు.

నేను కళ్లు తెరిచే టబ్బు వంక చూశాను. నల్లగా, అంచుల్లో పచ్చగా, ఇరవై ఏళ్ల కంపు. జిగట తీగలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. బొద్దింకల రెక్కలు, మట్టి, ఏదో తెల్లటి పొర.

"క్రాంతీ! అత్తయ్యా! రండి, తొందరగా రండి!"

ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. క్రాంతి ముక్కు మూసుకుని వెనక్కి గెంతాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకి వంగి, అడుగు దాకా చూశారు.

"అబ్బ, ఛీ," అన్నారు. "ఇంకో గిన్నెడు కాచుకొస్తా ఉండు."

ఒక పక్క నేను, ఒక పక్క క్రాంతి టబ్బు పట్టుకుని మురిక్కాలవ దాకా మోశాము. తిప్పుతుంటే కొంచెం నా పాదాల మీద పడింది. నాకు డోకొచ్చింది, నవ్వొచ్చింది. రెండో గిన్నె పోస్తే అది కూడా నల్లగానే వచ్చింది.